ఆఫీసు వదిలిన తరువాత, ఇల్లు చేరకముందు

ఉద్యోగం చేసుకునే ప్రతి మనిషికీ రోజులో ఒక చిన్న ముక్క మిగులుతుంది. అది ఆఫీసుదీ కాదు, ఇంటిదీ కాదు. ఫైళ్ళు సర్ది, సొరుగుకు తాళం వేసి, గుమ్మం దాటగానే మొదలవుతుంది. ఇంటి గేటు కిర్రుమనగానే అయిపోతుంది. లెక్కవేస్తే గంట, కాకపోతే అరగంట. ఆ అరగంట సవ్యంగా గడిచిన రోజున మనిషి ఇంటికి మనిషిలా వస్తాడు. గడవని రోజున ఆఫీసంతా నెత్తిన పెట్టుకుని వస్తాడు. పైఅధికారికి చెప్పలేకపోయిన జవాబు పిల్లవాడి వీపుమీద తేలుతుంది.

వెనకటివాళ్ళకు ఈ అరగంట ఎక్కడ గడపాలన్న చింత లేదు. వీధి అరుగు ఉండేది, రామాలయం మంటపం ఉండేది, ప్లీడరుగారి వసారాలో పేపరు చదివే గోష్ఠి ఉండేది. ఎవరూ పిలవనక్కరలేదు. పోయి కూర్చుంటే చాలు, లోకాభిరామాయణం దానంతటదే సాగిపోయేది. అరుగులు పోయి అపార్టుమెంట్లు వచ్చాయి. అపార్టుమెంటుకు కాపలావాడుంటాడు, లిఫ్టు ఉంటుంది, అరుగు మాత్రం ఉండదు. కాబట్టి ఇప్పుడు ఆ అరగంటకు చోటు వెతుక్కోవలసి వస్తున్నది.

పెద్ద నగరాలవాళ్ళు ఈ వేళకు ఇంగ్లీషులో ఒక పేరు పెట్టుకున్నారు: 'హ్యాపీ అవర్'. సాయంత్రం ఏ నాలుగింటి నుంచో ఏడు, ఎనిమిది దాకా వచ్చినవాళ్ళకు బార్లలో పానీయాలు తగ్గింపు ధరకు ఇచ్చే ఏర్పాటు అది. మన మధ్యరకం పట్టణాల కుర్రకారు నోట కూడా ఈ మాట తరచు వినబడుతున్నది. "సాయంత్రం మంచి చోటెక్కడుందండీ, మాస్టారూ?" అని కొత్తగా ఉద్యోగంలో చేరిన పాత విద్యార్థులు అడుగుతూ ఉంటారు. ప్రశ్న మంచిదే. జవాబు చెప్పబోయే ముందు ఆ పేరు సంగతి కొంచెం చూడాలి.

పేరు వెనక కథ

ఈ 'సంతోషపు గంట' బారులో పుట్టలేదంటే చాలామంది నమ్మరు. అది పుట్టినది సముద్రం మీద. 1910ల నాటి అమెరికా నౌకాదళంలో, నెలల తరబడి ఓడమీద గడిపే నావికులకు విసుగు పుట్టకుండా అప్పుడప్పుడు ఒక వినోదపు వేళ ఏర్పాటు చేసేవారు. కుస్తీలు, బాక్సింగు పందేలు, పాటలు. ఆ వేళకు వాళ్ళు పెట్టుకున్న పేరు ఇది. 1914 జూలైలో ఆ నౌకాదళం ఓడల మీద మద్యాన్ని నిషేధించింది కూడా. అంటే సారాచుక్క లేని ఓడల మీద కూడా ఈ గంట సంతోషంగానే సాగిందన్న మాట! పని దిగిన నలుగురు ఒక చోట చేరి నవ్వుకోవడమే దాని అసలు అర్థం. గ్లాసు తరువాత వచ్చి చేరింది.

గ్లాసు వచ్చి చేరిన తరువాత చిక్కులు కూడా చేరాయి. తగ్గింపు వేళలో గబగబా తాగి, రోడ్డెక్కి ప్రమాదాలు చేస్తున్నారని అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 1984లో ఈ పద్ధతినే నిషేధించింది. 2003లో ఐర్లండు కూడా అదే పని చేసింది. ఐర్లండువాళ్ళు గ్లాసంటే ముఖం తిప్పుకునే జాతి కాదు. వాళ్ళే వద్దన్నారంటే ఆలోచించవలసిన విషయమే.

వ్యాపారి వైపునుంచి చూస్తే ఇందులో రహస్యమేమీ లేదు. మధ్యాహ్నం భోజనాలకూ రాత్రి భోజనాలకూ మధ్య మూడు నాలుగు గంటలు బల్లలు ఖాళీగా ఉంటాయి. అద్దె, కరెంటు, జీతాలు ఖాళీ బల్లకు కూడా తప్పవు. కాబట్టి ఆ వేళ ధర కొంచెం తగ్గించి మనిషిని లోపలికి రప్పిస్తే చాలు. చౌకగా వచ్చిన రెండో గ్లాసు మూడో గ్లాసును పిలుస్తుంది. మూడోది వచ్చేసరికి గడియారం గంట దాటిపోయి ఉంటుంది. నంజుకోవడానికి తెప్పించిన పల్లీలకూ పకోడీలకూ వేసేది మామూలు ధరే. బిల్లు చూసుకున్నప్పుడు సంతోషం ఎవరిదో తెలుస్తుంది.

మన తెలుగునాట ఈ సంగతికి ఇంకొక చరిత్ర ఉన్నది. 1992లో నెల్లూరు జిల్లా పల్లెల ఆడవాళ్ళు సారాకొట్ల మీద తిరగబడ్డారు. మగవాడి సాయంత్రం ఖర్చు ఇంటి పొయ్యి మీద ఎలా పడుతుందో వాళ్ళకు ఎవరూ లెక్కలు కట్టి చెప్పనక్కరలేకపోయింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండోది 1997లో సడలిపోయింది. చట్టాలు వచ్చాయి, పోయాయి. ఆ ఆడవాళ్ళు అడిగిన ప్రశ్న మాత్రం అలాగే ఉన్నది: సాయంత్రం ఎవరిది? ఖర్చు ఎవరిది?

బారుకు వెళ్ళేవాళ్ళను తిట్టి కూర్చోబెట్టడం ఈ వ్యాసం పని కాదు. వెళ్ళేవాళ్ళు ఒక్క లెక్క గుర్తుంచుకుంటే మంచిది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే బండి నడపడం నేరం. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ సొమ్ము కలుపుకుని చూస్తే 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' అంత ఉచితంగా కనబడదు.

మధ్యరకం పట్టణం చేసే మేలు

ఇక అసలు విషయం. హైదరాబాదులో ఉద్యోగం చేసేవాడికి ఆఫీసుకూ ఇంటికీ మధ్య గంట ఉంటుంది గాని, దానిని రోడ్డే తినేస్తుంది. పల్లెలో ఉన్నవాడికి చోటు వెతుక్కునే పని లేదు. మధ్యరకం పట్టణంలో ఉన్నవాడే అదృష్టవంతుడు. పావుగంటలోనో ఇరవై నిమిషాలలోనో ఇల్లు చేరతాడు. కాబట్టి ఆ గంట నిజంగా అతని చేతిలో ఉంటుంది.

ఉదాహరణకు రాజమండ్రిని తీసుకుందాం. 2015లో పేరు అధికారికంగా రాజమహేంద్రవరమైనా, రిక్షావాడి నుంచి జడ్జీగారి దాకా నోట పలికేది రాజమండ్రే. 2011 జనాభా లెక్కలలో నగరం జనం సుమారు 3.4 లక్షలు. ఇన్నీసుపేటలో పనిచేసేవాడు దానవాయిపేటలో ఉంటాడు; తాడితోటలో గుడ్డల వ్యాపారం చేసేవాడు ఆర్యాపురంలో ఉంటాడు. ఎటునుంచి ఎటు పోయినా ఒక ముక్క దారి మార్చుకుంటే గోదావరి గట్టు తగులుతుంది. ఇంత సదుపాయం ఉన్న ఊళ్ళో కూడా సాయంత్రం పూట సెల్‌ఫోను చూసుకుంటూ తిన్నగా ఇంటికి పోయి సోఫాలో కూలబడేవాళ్ళే ఎక్కువ.

రే ఓల్డెన్‌బర్గ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రజ్ఞుడు 1989లో ఈ విషయం మీద ఒక పుస్తకమే రాశాడు. ఇల్లు మొదటి చోటు, పనిచేసే తావు రెండో చోటు, మనుషులు ఊరికే కలుసుకునే తావు మూడో చోటు అని విభజించాడు. ఈ మూడో చోటు లేని ఊరు ఊరు కాదని ఆయన వాదన. అరుగుల మీద పెరిగిన మనకు ఈ సంగతి ఒక అమెరికన్ వచ్చి చెప్పవలసి రావడం కొంచెం చిత్రమే అయినా, చెప్పినది నిజం.

మంచి చోటుకు కొలతలు

చోటు మంచిదో కాదో తేల్చుకోవడానికి అయిదు ప్రశ్నలు చాలునని నాకు తోస్తుంది.

మొదటిది: దారిలో ఉన్నదా? ఇంటికి పోయే దారినుంచి పది నిమిషాలకు మించి పక్కకు లాగే చోటు రెండు రోజుల ముచ్చట. మూడో రోజున మానేస్తాం.

రెండోది: కూర్చోనిస్తారా? కప్పు ఖాళీ కాగానే కుర్రవాడు వచ్చి గుడ్డతో బల్ల తుడవడం మొదలుపెట్టాడంటే దాని అర్థం మనకు తెలుసు.

మూడోది: మాట వినబడుతుందా? ఎదుటివాడి మాటకన్న స్పీకరులో పాట పెద్దదైతే అక్కడ స్నేహం పెరగదు, గొంతునొప్పి పెరుగుతుంది.

నాలుగోది: నెలాఖరున కూడా వెళ్ళగలమా? ఒకటో తారీకున మాత్రమే బాగుండే చోటు మధ్యతరగతివాడికి మంచి చోటు కాదు.

అయిదోది, అన్నిటికన్న గట్టిది: అక్కడికి ఒక ఆడమనిషి ఒంటరిగా వెళ్ళి అరగంట కూర్చుని రాగలదా? ఈ ప్రశ్న దగ్గర చాలా చోట్లు తప్పిపోతాయి. దాని సంగతి చివర చూద్దాం.

టీ బడ్డీ, బజ్జీల బండి

ఈ కొలతలతో మొదట టీ బడ్డీని చూద్దాం. దారిలో ఉంటుంది, ఖర్చు దాదాపు లేదు, మాట చక్కగా వినబడుతుంది. అందుకే సాయంత్రం అయిదున్నరకు ఏ ఆఫీసు సందు మొగలో చూసినా అరడజను మంది నిలబడి ఉంటారు. ఆ నిలబడి ఉండడమే దాని లోపం. టీ బడ్డీ కబురు పది నిమిషాల కబురు. ట్రాన్స్‌ఫర్లు, డీ.ఏ., క్రికెట్టు, అంతటితో సరి. మనసులో మాట చెప్పుకోవాలంటే నడుము వాల్చే చోటు కావాలి.

బజ్జీల బండి దగ్గర ఇంకొక సుఖం ఉన్నది. మిరపకాయ బజ్జీ మధ్యకు చీల్చి, ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మకాయ పిండి ఇచ్చేటప్పటికి పగలంతా పడ్డ చీవాట్లు సగం మరిచిపోతాం. పునుగులు, ముంత మసాలా కూడా ఈ కోవలోవే. ఒక్క హెచ్చరిక: బాణలిలో నూనె నల్లబడి, నురుగు కట్టి ఉంటే ఆ పూటకు దణ్ణం పెట్టి వచ్చేయండి. మాడిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాచి వాడడం ఆరోగ్యానికి మంచిది కాదు. రద్దీ ఉన్న బండి దగ్గర సరుకు ఎప్పటికప్పుడు తయారవుతుంది గనుక కొంచెం కాచుకున్నా అక్కడే తినడం మేలు.

రాజమండ్రి పేరు చెప్పగానే పొరుగూరివాళ్ళు అడిగేది రోజ్‌మిల్క్. గులాబీ రంగు చల్లని పాలు. ఎండాకాలం సాయంత్రం కోటగుమ్మం వైపు పోయినవాడు అది తాగకుండా వచ్చాడంటే ఇంట్లో పిల్లలు నమ్మరు. ఇది హ్యాపీ అవర్‌కు మన ఊరు చెప్పిన జవాబు అనుకోవచ్చు. తాగి బండి నడిపితే పోలీసువాడు ఏమీ అనడు; ఇంటికి పోయి ఏం తాగామో ధైర్యంగా చెప్పవచ్చు; పైగా ఇంట్లోవాళ్ళను కూడా తీసుకుపోవచ్చు. కూర్చుని కబుర్లు చెప్పుకునే ఏర్పాటు మాత్రం అక్కడ తక్కువ. కాబట్టి తాగి, గట్టుమీదికి నడవడమే పద్ధతి.

కూర్చోవడానికి టిఫిన్ హోటలు ఉన్నది కదా అంటారేమో. ఉన్నది గాని వేళ చూసుకోవాలి. ఏడు దాటితే అట్టుల కోసం జనం మీద జనం పడతారు. అప్పుడు మనం కుర్చీ పట్టుకుని కబుర్లాడడం యజమానికి నష్టం, వెనక నిలబడ్డవాడికి కోపం. అయిదున్నర, ఆరు మధ్య అయితే అదే హోటలు ప్రశాంతంగా ఉంటుంది. ఖాళీ బల్లల రహస్యం ఇందాక చెప్పుకున్నాం. ధర తగ్గకపోయినా, ఆ వేళలో దొరికే నిదానమే మనకు తగ్గింపు.

గోదావరి గట్టు

అన్ని కొలతలకూ దగ్గరగా వచ్చేది గట్టే. ఇక్కడ ఒక విశేషం చాలామంది గమనించరు. తూర్పు తీరపు ఊళ్ళలో సూర్యుడు సముద్రం మీద పొడుస్తాడు. నీటిమీద అస్తమించడం చూడాలంటే దొరకదు. రాజమండ్రి గోదావరికి తూర్పు గట్టున ఉన్నది. కాబట్టి సూర్యుడు మన ఎదుట, అవతల కొవ్వూరు వైపున, నదిమీదుగా దిగిపోతాడు. సరిగ్గా ఆఫీసులు వదిలిన తరువాతనే దిగుతాడు. ఇంతకన్న వేళ చూసి పెట్టిన ప్రదర్శన ఏముంటుంది? టిక్కెట్టు కూడా లేదు.

ఆ వెలుతురులో కనబడే పాత వంతెన హేవలాక్ వంతెన. 56 ఖానాలతో దాదాపు మూడు కిలోమీటర్ల పొడుగు. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. 1897 నుంచి 1997 దాకా, సరిగ్గా నూరేళ్ళు రైళ్ళను మోసి విశ్రాంతి తీసుకున్నది. నూరేళ్ళు ఉద్యోగం చేసి రిటైరైన దానిని చూస్తూ కూర్చుంటే మన ముప్పై ఏళ్ళ సర్వీసు గొప్పగా అనిపించదు. పైన రోడ్డు, కింద రైలు ఉండే వంతెన 1974లో వచ్చింది. తరువాత కమానుల వంతెన వచ్చింది. ఇప్పుడు రైళ్ళు ఈ రెండిటి మీద పోతాయి. రైలు పోతున్నంతసేపూ ఎవరి మాట వాళ్ళు మధ్యలో ఆపి, పోయిన తరువాత అక్కడి నుంచే అందుకోవడం గట్టుమీది కబుర్లకు అలవాటే.

ఏ ఘాటుకు పోవాలన్నది మీరు ఎందుకు పోతున్నారన్న దానిని బట్టి ఉంటుంది. జనం, సందడి, హారతి వెలుగులు కావాలంటే పుష్కర ఘాట్. పర్వదినాలలో మాత్రం అక్కడి తోపులాటకు దూరంగా ఉండడం మంచిది. 2015 జూలై 14న పుష్కరాల మొదటి రోజు తొక్కిసలాటలో అక్కడ పోయిన ప్రాణాలను ఈ ఊరు మరిచిపోలేదు. మెట్ల మీద విడివిడిగా, విశాలంగా కూర్చోవాలంటే కోటిలింగాల ఘాట్. పిల్లలతో, పెద్దవాళ్ళతో పోయి, దర్శనం చేసుకుని, కాసేపు కూర్చోవాలంటే ఇస్కాన్ గుడి పక్కనున్న గౌతమీ ఘాట్.

శ్రావణ భాద్రపదాలలో గట్టుమీద కబుర్లకు వేరే విషయం వెతుక్కోనక్కరలేదు. "ధవళేశ్వరం దగ్గర ఎంతుందండీ?" అన్న ఒక్క ప్రశ్నతో ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా స్నేహితులైపోతారు. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. ఈ మూడు అంకెలు ఇక్కడి పిల్లలకు ఎక్కాలలాగా నోటికి వచ్చు. లంకల్లో బంధువులున్నవాళ్ళకు ఇది కాలక్షేపం కబురు కాదు. ఫోను చేతిలో పట్టుకునే కూర్చుంటారు. వరద రోజులలో కింది మెట్లకు దిగకండి. పాచి పట్టిన మెట్టు ఈత వచ్చినవాడిని కూడా వదలదు.

పైసా ఖర్చు లేని చోటు

ఒంటరిగా కూర్చోవాలనిపించే సాయంత్రాలు కూడా ఉంటాయి. పగలంతా మాట్లాడి వచ్చినవాడికి, ముఖ్యంగా మా పంతుళ్ళ జాతికి, ఇంకొకరి మాట వినే ఓపిక ఉండదు. అటువంటివాళ్ళకు గ్రంథాలయం ఉన్నది. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉన్నది. 1898లో వాసురాయకవి పేరుమీద మొదలైన పుస్తకశాలకు అది వారసురాలు. తాళపత్రాలు మొదలు పాత పత్రికల సంపుటాల దాకా అక్కడ భద్రపరిచారు. వేళలు ముందుగా కనుక్కుని వెళ్ళండి. పరిశోధన చేసేవాళ్ళకే గ్రంథాలయమన్న భయం అక్కరలేదు. ఫాను కింద కూర్చుని నాలుగు దినపత్రికలు తిరగవేసి రావడానికి ఎవరి సిఫారసూ అవసరం లేదు. నలభై నిమిషాలు ఎవరూ పలకరించని చోట కూర్చుని వస్తే, ఇంట్లోవాళ్ళను మనమే ముందు పలకరిస్తాం.

అయిదో ప్రశ్న

ఇక దాటవేసిన ప్రశ్నకు వద్దాం. ఇంతవరకు చదివిన మగపాఠకులు 'బాగున్నది' అనుకుని ఉంటారు. ఆడవాళ్ళు ఏమనుకున్నారో ఊహించగలను. కాలేజీలో ఒక సాయంత్రం స్టాఫ్‌రూములో ఈ చర్చే వచ్చినప్పుడు మాతో పనిచేసే ఒక లెక్చరరుగారు నవ్వుతూనే అన్నారు: "మీకు అయిదింటికి ఆఫీసు వదులుతుంది మాస్టారూ. మాకు అయిదింటికి రెండో ఆఫీసు తెరుస్తారు."

ఆవిడ మాట వట్టి చమత్కారం కాదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా జనం ఇరవైనాలుగు గంటలూ ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి అప్పట్లో రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించేవారు. ఆ పనిలో చెయ్యి వేసే మగవాళ్ళు 97 నిమిషాలు. దాదాపు అయిదు గంటలకు గంటన్నర. మగవాడి గట్టుమీది అరగంట ఆకాశంలోంచి ఊడిపడినది కాదు. ఇంటిదగ్గర ఎవరో పప్పు పొయ్యిమీద పడేసి, పిల్లవాడి హోంవర్కు చూస్తూ ఉండబట్టి దొరికినది.

ఖాళీ దొరికినా ఇంకొక చిక్కు ఉన్నది. మగవాడు గట్టుమీద ఒంటరిగా కూర్చుంటే ఆలోచించుకుంటున్నాడంటారు. ఆడమనిషి ఒంటరిగా కూర్చుంటే "ఏమ్మా, ఎవరికోసం?" అంటారు. ఆడవాళ్ళు బయట కూర్చోవాలంటే చేతిలో పూలబుట్ట ఉండాలి, లేదా పక్కన పిల్లవాడుండాలి, లేదా కూరగాయల సంచి ఉండాలి. ఊరికే కూర్చునే హక్కు ఇంకా రాలేదు.

ఇది చెప్పుకోవలసిన ఊరు కూడా ఇదే. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టారు. 1881 డిసెంబరు 11న ఈ రాజమండ్రిలోనే మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆ రోజులలో ఆడపిల్ల బడికి పోవడమే నలుగురూ వేలెత్తి చూపే విషయం. ఆ పిల్లల మునిమనవరాళ్ళు ఇవాళ బ్యాంకులలో, కాలేజీలలో, కలెక్టరాఫీసులలో పనిచేస్తున్నారు. పొద్దున పనికి పోయే దారి పంతులుగారి తరం వేసిపెట్టింది. సాయంత్రం పని దిగిన తరువాత అరగంట నిశ్చింతగా కూర్చునే చోటు ఏర్పరచవలసినది మన తరం.

దానికి సంస్కర్తలు దిగి రానక్కరలేదు. మునిసిపాలిటీవారు చేయవలసినవి మూడున్నాయి: ఘాట్ల దగ్గర చీకటి మూలలు లేకుండా దీపాలు, శుభ్రంగా ఉండి తాళం వేయని మరుగుదొడ్లు, వీపు ఆనించి కూర్చునే బల్లలు. ఈ మూడూ ఉన్న చోట ఆడవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే కనబడతారు. నలుగురు కనబడిన చోటికి నలభైమంది వస్తారు.

ఇంట్లో చేయవలసినది ఒక్కటే. వారంలో ఒక సాయంత్రం ఇల్లాలిదని తేల్చుకోవడం. ఆవిడ ఉద్యోగం చేసేదైనా సరే, ఇంట్లో ఉండేదైనా సరే. ఉద్యోగం చేసే ఆవిడ ఆ రోజున తిన్నగా ఇంటికి రానక్కరలేదు. తోటివాళ్ళతో రోజ్‌మిల్క్ తాగుతారో, గట్టున కూర్చుంటారో, ఏమీ చేయకుండా కూర్చుంటారో వాళ్ళ ఇష్టం. ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు అన్న మూడు ప్రశ్నలూ ఆ పూటకు మానాలి. వంట మగవాడిది. రానివాడు ఉప్మాతో మొదలుపెట్టవచ్చు. ఉప్మా ఉండలు కట్టినంత మాత్రాన సంసారాలు కూలిపోవు. అత్తగారు ఏమంటారో అని సందేహించేవాళ్ళు ఆవిడను కూడా అప్పుడప్పుడు గట్టుకు పంపితే సరిపోతుంది. ఆవిడకు ఆ అరగంట దొరకక ఎన్నేళ్ళయిందో ఎవరూ అడిగి ఉండరు.

ఇంతకూ మా పాత విద్యార్థులు అడిగిన ప్రశ్నకు జవాబు. మీ ఊరు ఏదైనా కావచ్చు. గోదావరి లేకపోతే చెరువు గట్టు ఉంటుంది, పార్కు ఉంటుంది, గ్రంథాలయం ఉంటుంది, అయిదున్నరకు ఖాళీగా ఉండే హోటలు ఉంటుంది. తగ్గింపు బోర్డు కోసం వెతకకండి. అక్కడ కూర్చున్నవాళ్ళలో మీ అక్కయ్యా, చెల్లెలూ, మీతో పనిచేసే ఆడవాళ్ళూ నిశ్చింతగా కబుర్లు చెప్పుకుంటూ కనబడితే, అదే మంచి చోటు. మీరు కూడా ఒక పక్కన సర్దుకుని కూర్చోండి.